అదనపు గంట

పన్నెండు గంటల బెల్లు మోగగానే కాలేజీ అంతా ఒక్కసారి లేచి నిలబడినట్టయింది. బెంచీలు కిర్రుమన్నాయి, తలుపులు కొట్టుకున్నాయి, మెట్ల మీద వందల కాళ్ళు దడదడా దిగాయి, "మూడోదానికి ఏం రాశావే" అని ఎవరో అరిస్తే "చచ్చినదాన్ని మళ్ళీ చంపకు తల్లీ" అని ఇంకెవరో అన్నారు, ఆ నవ్వులు కూడా కిందికి దిగిపోయాయి. రెండో అంతస్తు చివర, ఆటసామాను పడేసే మూలగదిలో ఇద్దరు మాత్రం కదల్లేదు. ఒకరు చూపు లేని అమ్మాయి, డిగ్రీ భూగోళం పరీక్ష రాస్తున్నది. రెండోవారు ఆ అమ్మాయి నోటితో చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టడానికి వచ్చిన నలభై ఎనిమిదేళ్ళ ఆవిడ. చూపు లేనివాళ్ళకి మూడు గంటల పైన ఇంకో గంట ఇస్తారు, ఆ అదనపు గంట ఇప్పుడే మొదలైంది. ఊరికి ఆ చివర ఆసుపత్రిలో రిపోర్టులిచ్చే కిటికీ తెరిచేదీ ఇప్పుడే. అక్కడ వరసలో ఆవిడ భర్త నిలబడి ఉంటాడు. ఆవిడ ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ ఒకటుంది, అది ఏమిటన్నది కాసేపట్లో ఆ కిటికీలోంచి ఒక కవరులో బయటికొస్తుంది. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

"పిన్నిగారూ, నాలుగోది చదవండి," అంది అమ్మాయి.

చదివింది. భూకంపాలు ఎందుకు వస్తాయో, నష్టాన్ని ఎలా తగ్గించుకోవచ్చో వివరించండి, పన్నెండు మార్కులు. ఆ తర్వాత ఐదోది, నదుల మీద, అదీ పన్నెండే. రెండూ రాస్తేనే ఈ పేపరు గట్టెక్కుతుంది, లేకపోతే మళ్ళీ పోతుంది, మళ్ళీ పోతే టీచరు ట్రైనింగులో వచ్చిన సీటు చేజారుతుంది. ఈ సంగతంతా పొద్దున గేటు దగ్గరే ఆ పిల్ల చెప్పేసింది, భయపెట్టడానికి కాదు, తెలిసుండాలని. మళ్ళీ అనడం ఎందుకంటే, పోయినేడు రాయడానికి వచ్చిన పెద్దమనిషి తనకి తెలిసిన నాలుగు ముక్కలూ సొంతంగా కలిపి రాసేశాడు, అది దిద్దేవాళ్ళ కంటపడింది, పేపరు రద్దు చేశారు. ఉపకారం చేస్తున్నాననుకుంటూ ఆ పిల్లది ఒక ఏడాది మింగేసి పోయాడు మహానుభావుడు. "మీరు అలా కలపరుగా?" అని అడిగింది పొద్దున. కలపడానికి తన దగ్గరేముంది గనక? ఇలా రాసిపెట్టే మనిషి చదువు పరీక్ష రాసే మనిషి చదువుకన్నా తక్కువుండాలని నిబంధన. ఇంటరు తప్పినందుకు ముప్ఫై ఏళ్ళుగా అత్తింట్లో ఎన్ని మాటలు పడిందో, ఆ తప్పడమే అర్హతగా చెల్లిన చోటు లోకంలో ఇదొక్కటే కనిపించింది ఆవిడకి.

జవాబు చెప్పేముందు ఆ పిల్ల కాసేపు మాట్లాడదు. బల్ల మీద వేళ్ళు మెల్లగా కదుపుతుంది, అక్కడ లేని చుక్కల అక్షరాలను తడిమి చదువుతున్నట్టు. ఆ మౌనం రెండు నిమిషాలుంటుంది, అప్పుడే వస్తుంది భయం, కాచుకు కూర్చున్నట్టు. ఈపాటికి ఆయన ముందు ఎంతమంది ఉంటారు, నలుగురా, పదిమందా, కిటికీలో కూర్చునే కుర్రది చీటీ మీద నంబరు చూసి వెనక్కి తిరిగి అరలో వెతుకుతుంది, మొహం చూడదు, మొహాలు చూస్తే ఆ ఉద్యోగం చెయ్యలేదేమో పాపం, కవరు ఇటు తోస్తుంది, నెక్స్ట్ అంటుంది. ఆయన కవరు పట్టుకుని ఎక్కడ నిలబడతాడు? లిఫ్టులు బాగుచేసే మనిషి, పన్నెండో అంతస్తు దగ్గర చీకటి గొయ్యిలో ఒక్క ఇనుపతాడు పట్టుకుని వేలాడి ఇంటికొచ్చి కూరలో ఉప్పు చాలలేదనే మనిషి, ఈ రెండు నెలల్లో ఆసుపత్రి గుమ్మం ఎక్కినప్పుడల్లా చొక్కా గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకుంటాడు. పొద్దున చెప్పులు వేసుకుంటూ "ఇవాళ కూడా వెళ్ళాలా, ఇంకొకరు రాస్తారుగా" అన్నాడు. రాస్తారు, రాయరని కాదు. కానీ ఆ వరసలో ఆయన పక్కన నిలబడి, ముందున్నవాళ్ళ కవర్లూ, కవర్లు విప్పిన మొహాలూ చూస్తూ ఒక్కొక్క అడుగే ముందుకు వెయ్యడం తన వల్ల కాదు. మంచిదానిలా పరోపకారానికి వచ్చాననుకుంటున్నారు అందరూ, నిజం చెప్పాలంటే పారిపోయి వచ్చింది, పారిపోవడానికి ఇంతకన్నా మర్యాదైన చోటు దొరకలేదు. ఫోను గేటు దగ్గర బుట్టలో పడేయమన్నప్పుడు హమ్మయ్య అనుకుంది కూడా. ఇప్పుడు ఆ బుట్టలో అది మోగుతూ ఉంటుందేమో, ఎవరూ వినని చోట మోగుతూ మోగుతూ ఆగిపోతుందేమో అనిపించింది.

"రాయండి. భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది కొన్ని పెద్ద పలకలుగా ఉంటుంది. ఆ పలకలు చాలా నెమ్మదిగా కదులుతూ ఉంటాయి."

రాసింది. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా వస్తాయి ఆవిడకి, ఆ దస్తూరీ వల్లే డ్రైక్లీనింగు దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు పందొమ్మిదేళ్ళ కింద. బట్ట తీసుకుని వెలుతురులో పరచి, ఎక్కడ మరకుందో, ఎక్కడ చిరుగుందో చూసి చిన్న గుడ్డముక్క మీద చెరిగిపోని ఇంకుతో రాసి కుట్టాలి. కాలరు మీద చెమట మరక, ఎడమ మోచేతి దగ్గర చిరుగు, మూడో గుండీ లేదు. మరక చుట్టూ సుద్దతో ఒక సున్నా చుట్టాలి, లోపలివాళ్ళకి తెలియడానికి. చాలా మరకలు పోతాయి, కొన్ని పోవు, ఏది పోతుందో ఏది పోదో బట్ట పరచగానే తనకి తెలిసిపోతుంది, కానీ ఎదురుగా ఉన్నవాళ్ళతో "చూద్దామండీ" అంటుంది, ఎప్పుడూ అదే మాట. డాక్టరమ్మ కూడా "చూద్దామమ్మా" అంది. పడుకోబెట్టి, దీపం దగ్గరికి లాగి, వేళ్ళతో నొక్కి, పెన్నుతో ఒక సున్నా చుట్టి, చూద్దామమ్మా అంది, ఆ అనడంలో తన గొంతు తనకే వినిపించింది. మొదటి పరీక్షలో ఏమీ తేలలేదు, రెండోసారి సూది గుచ్చారు, మళ్ళీ తేలలేదు, మూడోసారి చిన్న ముక్క కోసి పంపారు. రెండు నెలలు. ఇంట్లో దాని పేరు ఎవరూ ఎత్తలేదు, "అది" అన్నారు, "అది అయితే" అన్నారు, "అది కాకపోవచ్చు" అన్నారు. కూతురు ఫోను చేసి వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసేది, పెట్టేసే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు వినిపించేది.

"...ఒక పలక ఇంకో పలకను నెట్టినప్పుడు అంచుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. రాశారా?"

తలూపింది, ఊపి, నాలిక కరుచుకుని "రాశానమ్మా" అంది. కొత్తవాళ్ళంతా చేసే తప్పే ఇది. ఆదివారం ఆదివారం లైబ్రరీ వెనక గదిలో రాతవాళ్ళ జట్టు కలుస్తుంది, పదకొండుమంది, అందరికీ పెద్ద రిటైరైన పోస్టుమాస్టరుగారు. మొదటి ఆదివారం ఆయన కళ్ళకి కండువా కట్టుకుని కూర్చుని జవాబులు చెబుతుంటే తను రాస్తూ మూడుసార్లు తలూపింది. "తలూపితే ఎవరికి తల్లీ, గోడకా?" అన్నాడాయన, గదంతా గొల్లుమంది, తనూ నవ్వింది, నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. అక్కడికి లాక్కెళ్ళింది తోడికోడలు. నోరు పెద్దది, మనసూ పెద్దదే, ఆ రెండూ ఒకేసారి తెరుస్తుంది. గడ్డ బయటపడ్డ పదో రోజున వచ్చి, గుమ్మంలోంచే చూసి, "అక్కా, పొద్దస్తమానం ఆ చెయ్యి అక్కడే పెట్టుకుని తడుముకుంటూ కూర్చున్నావు, తడిమితే కరుగుతుందా అది, ఆ చేత్తో నాలుగక్షరాలు రాసిపెట్టు ఎవరికన్నా, రా" అంది. నిజంగానే చెయ్యి అక్కడే ఉంది, తీసేసింది సిగ్గుపడి. ఆ గదిలో ఒక వ్యాను డ్రైవరు, ఒక బేకరీ ఆవిడ, పెళ్ళి చేసుకోని ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఎవరి గొడవలు వాళ్ళకున్నాయి, ఎవరూ చెప్పుకోరు, కామా ఎక్కడ పెట్టాలి, ఎంత వేగంగా చెబితే చెయ్యి అందుకుంటుంది, అభ్యర్థి తప్పు చెప్పినా తప్పే రాయాలి, ఇవే మాటలు. రెండు గంటలు ఎలా గడిచేవో తెలిసేది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చేది భయం, కానీ ఆ రెండు గంటలూ అది వీధిలో నిలబడి ఉండేదన్నమాట, లోపలికి రాలేక.

ఇవాళ వచ్చింది లోపలికి. ఇక్కడే ఉంది, గాలి తీసిన బంతుల సంచీకీ, చుట్టిపెట్టిన వలకీ మధ్య, ఈ గదిలోనే. పన్నెండుంపావు. ఆయన కవరు తీసుకునే ఉంటాడు. విప్పి ఉంటాడా? విప్పొద్దని చెప్పలేదు, విప్పమనీ చెప్పలేదు. చిన్నప్పుడు అమ్మకి ఇలాగే, కాదు ఇలాగే కాదు, అమ్మకి ఏమిటో ఎవరూ చెప్పలేదు, ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు ఎక్కువున్నాయి, అంతే. ఇప్పుడు తను వెళ్ళేసరికి తన గుమ్మంలోనూ ఎక్కువ చెప్పులుంటాయా. పిల్లేమో చెబుతూనే ఉంది, స్థిరంగా, తొందర లేకుండా, ఆ గొంతు వెంట చెయ్యి పోతూనే ఉంది, ఈ ఒత్తిడి ఏళ్ళ తరబడి పేరుకుంటుంది, పైకి ఏమీ తెలియదు, పైకి ఏమీ తెలియదు, స్నానం చేస్తూ సబ్బు జారి పట్టుకోబోయినప్పుడు తగిలింది, అప్పటిదాకా పైకి ఏమీ తెలియదు, ఎన్నేళ్ళ నుంచి ఉందో, తను పెళ్ళిళ్ళకి వెళ్ళిందీ, కొత్త చెప్పులకి బేరమాడిందీ, కూతురితో అలిగిందీ అది లోపల ఉండగానేనా, హఠాత్తుగా ఒకరోజు అంచులు జారి ఆ శక్తి అంతా బయటికొస్తుంది, అప్పుడు ఇల్లు నిలుస్తుందా, ఆయనకి టీ పెట్టుకోవడం రాదు, ఎక్కడ ఏముందో తెలియదు, గ్యాసు కట్టెయ్యడం మరిచిపోతాడు.

"ఆగండి. పేజీ తిప్పారుగా, ఆఖరి నాలుగు వాక్యాలూ చదవండి."

అది పద్ధతి. పేజీ నిండగానే రాసింది చదివి వినిపించాలి. చదవడం మొదలుపెట్టింది. "ఒక పలక ఇంకో పలకను నెట్టినప్పుడు అంచుల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఒత్తిడి ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. పైకి ఏమీ తెలియదు." ఆ తర్వాతి వాక్యం మీద కళ్ళు ఆగిపోయాయి. తన అక్షరాలే, గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా, ఎంతో పొందిగ్గా ఉన్నాయి. *నాకు చాలా భయంగా ఉంది దేవుడా ఈ ఒక్కసారికి గట్టెక్కించు.* దాని కింద మళ్ళీ, ఏమీ జరగనట్టు, హఠాత్తుగా ఒకరోజు అంచులు జారి. ఎప్పుడు రాసింది? చెయ్యి తనదే, పెన్ను తనదే, రాసిన గుర్తు మాత్రం లేదు. జవాబు పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో ఉన్నది పొద్దున తనే చదివి వినిపించింది ఆ పిల్లకి: లోపల విన్నపాలు, ప్రార్థనలు, దేవుడి పేర్లు రాసిన అభ్యర్థి పేపరు రద్దు చేయబడును. మార్కుల కోసం దిద్దేవాళ్ళని బతిమాలుకునే పిల్లలు సరిగ్గా ఇలాగే రాస్తారు, ఒక్క అక్షరం తేడా లేదు. పోయినేడు ఆ మహానుభావుడు, ఈ ఏడు తను.

"ఆగారెందుకు?"

ఎందుకు ఆగావు, చదువు, దాన్ని దాటేసి తర్వాతిది చదువు, అంది లోపల ఏదో. ఈ పిల్లకి కనిపించదు. మెల్లగా ఒక గీత గీసేస్తే సరి, లేదా వదిలేస్తే సరి, దిద్దేవాళ్ళు వందల పేపర్లు చూస్తారు, కంట పడొచ్చు, పడకపోవచ్చు. ఎప్పుడో రెండు నెలల తర్వాత ఫలితాలొస్తాయి, అప్పటికి తను ఉంటుందో లేదో, ఎవరడగొచ్చారు. ఇంత సులభంగా ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే భయమేసింది, గడ్డని చూసి వేసిన భయం లాంటిది కాదు ఇది, ఇంకో రకం. చూడలేని మనిషి ముందు కూర్చుని, ఆ చూడలేకపోవడాన్ని ఆసరా చేసుకోబోతోంది.

"అమ్మా, నువ్వు చెప్పనిది ఒక వాక్యం ఇందులో ఉంది," అంది. "నేను రాసేశాను. తెలియకుండా."

పిల్ల వేళ్ళు బల్ల మీద ఆగిపోయాయి. "ఏముంది?"

ఉన్నది ఉన్నట్టు చదవాలి. చదివింది. ఎనిమిది మాటలు, గొంతులోంచి ఒక్కొక్కటే పీకి బయట పెట్టినట్టు.

ఆ పిల్ల మొహంలోంచి రక్తం దిగిపోవడం ఎదురుగా కనిపించింది. "బయట మేడమ్ ఉన్నారు. పిలవండి."

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఇన్విజిలేటరు లెక్కల లెక్చరరు, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని చూసే మనిషి, పొద్దున్నుంచీ నవ్వలేదు. వచ్చి, పేజీ చూసి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అంది. తను చెప్పబోయేలోపు పిల్ల అందుకుంది, "నేను చెప్పలేదు మేడమ్, ఒట్టు, నేను చెప్పలేదు, మళ్ళీ రద్దు చెయ్యొద్దు మేడమ్." ఆ మళ్ళీ అన్న మాట విని ఆవిడకి నేల చీలితే బాగుండుననిపించింది. లెక్చరరు తెల్లకాగితం ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. పై వాక్యం అభ్యర్థి చెప్పినది కాదు, నేనే రాశాను, అభ్యర్థికి ఏ సంబంధమూ లేదు, అని రాయమంది. రాసింది.

"కారణం కూడా రాయండి."

"ఏం రాయను మేడమ్?"

"నిజమే రాయండి. అబద్ధమయితే పై వాళ్ళు ఇట్టే పట్టేస్తారు."

పెన్ను కాగితానికి ఆనించి అలాగే ఉండిపోయింది. రెండు నెలలుగా ఇంట్లో ఎవరూ అనని మాట, తను మనసులో కూడా పక్కకి తప్పుకుంటూ నడిచిన మాట, చెయ్యి దాని దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చి, చివరికి రాసింది. నాకు క్యాన్సరు ఉన్నదీ లేనిదీ తెలిపే రిపోర్టు ఇవాళ పన్నెండు గంటలకు వస్తుంది, ఆ భయంలో రాశాను. కాగితం మీద అది మామూలు మాటలాగే ఉంది, మూడక్షరాలు, ఏవి ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగాయి. లెక్చరరు చదివింది. చదివి, కళ్ళద్దాలు తీసి, పైటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "సంతకం, తేదీ, టైము," అంది. ఆ వాక్యం మీద తనే ఒక గీత గీసి, పక్కన పొడి సంతకం చేసింది. "ఇక్కడ నా సంతకం ఉంది గనక పేపరు గురించి నన్నడుగుతారు, నేను చెప్పుకుంటాను. పోయిన టైము మాత్రం కలపడానికి నాకు అధికారం లేదు. ఇరవై నిమిషాలుంది." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మీరు వెళ్తానంటే ఆపను. ఫోను తెప్పిస్తాను. కానీ మీ చోట కూర్చోబెట్టడానికి నా దగ్గర మనిషి లేరు."

వెళ్ళొచ్చు. రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అప్పుడు గమనించింది, తెలుసుకోవాలని రెండు నెలలు నిద్ర మానుకున్న తనకి ఇప్పుడు తెలుసుకోవాలని లేదు, ఈ గది గడప దాటాలని లేదు, కాళ్ళు బల్ల కిందే బిగుసుకున్నాయి. ఇదీ పారిపోవడమేనా? కావచ్చు. కానీ ఎదురుగా పిల్ల, పెదవి కొరుక్కుంటూ, ఏ మాట వస్తుందా అని చెవి ఇటే పెట్టి ఉంది. తలూపితే ఆ పిల్లకి చేరదు, ఊరుకుంటే అసలు చేరదు. ఏదో ఒకటి నోటితో అనాలి.

"ఉంటాను," అంది. "చెప్పమ్మా, రాస్తాను."

"నాకు చాలా కోపంగా ఉంది పిన్నిగారూ. జాలి కూడా వేస్తోంది, కానీ కోపమే ఎక్కువుంది. రెండూ తర్వాత చూసుకుంటాను. రాయండి."

అలా అనడమే మంచిదయింది. ఓదార్చి ఉంటే ఏడ్చి ఉండేది. నాలుగోదానికి మిగిలిన, నష్టం తగ్గించే సంగతి పిల్ల ఐదు వాక్యాల్లో తేల్చేసింది, తేలిక ఇళ్ళు, ఖాళీ జాగాలు, ముందే నేర్పిన అలవాట్లు, కదలిక ఆగేదాకా బల్ల కింద ఉండడం. వెంటనే ఐదోది. ఈసారి వేళ్ళు కదపలేదు, ఆలోచించలేదు, నది కొండల మీద సన్నగా వేగంగా ఉంటుంది, అడుగుని కోస్తుంది, అని మొదలుపెట్టి ఆగకుండా పోతోంది, దాని వెనకాల ఆవిడ చెయ్యి పరిగెడుతోంది. గుండ్రదనం పోయింది, అక్షరాలు వాలిపోయాయి, ఒకదాని భుజం మీద ఒకటి పడ్డాయి, పడితే పడనీ, చదవడానికొస్తే చాలు. ఒక మాట అందుకునేలోగా ఇంకోటి వచ్చేస్తుంది, అది చెవిలో పడ్డదా లేదా, పడ్డదే రాశానా, నాది ఏమన్నా కలిసిందా, మాట మాటకీ అదే కాపలా. భయం పోయిందని కాదు. ఉంది, గాలిలేని బంతుల పక్కన తన చోట తను కూర్చుని ఉంది, కానీ దాన్ని పలకరించే తీరిక ఆవిడకి లేదు. మైదానంలోకి వచ్చాక నది వెడల్పవుతుంది, మెలికలు తిరుగుతుంది, కోయడం తగ్గి మోసుకొచ్చిన మట్టిని ఒడ్డుల మీద వదులుతుంది. ఒడ్డులనా ఒడ్లనా? "ఏమన్నావమ్మా, ఒడ్డుల మీదా?" "ఒడ్డుల మీదే." రాసింది. వేలు నొప్పెడుతోంది, మధ్యవేలు పక్కన పెన్ను నొక్కిన చోట, ఆ నొప్పి ఎంత బాగుందో, అది ఎందుకు వచ్చిందో తెలిసిన నొప్పి, సాయంత్రానికి పోయే నొప్పి. గదిలో ఒక్క గొంతు, ఒక్క పెన్ను చప్పుడు, కిటికీలోంచి ఎండ. ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ ఎవరి భార్యా కాదు, ఏ రోగీ కాదు, ఈ పిల్లకి ఒక చెయ్యి మాత్రమే, అది చాలా సుఖంగా ఉంది. బెల్లు మోగేసరికి ఆఖరి వాక్యానికి చుక్క పెట్టింది. చదివి వినిపించే టైము లేకపోయింది.

లెక్చరరు కట్ట తీసుకుని, పేజీలు లెక్కపెట్టి, తలుపు తీసి పట్టుకుని నిలబడింది. వరండాలోకి రాగానే భయం మొత్తం ఒక్కసారి మీద పడింది, ఇరవై నిమిషాల బాకీ కూడా కలుపుకుని. గోడ పట్టుకుంది. పొద్దున పిల్లని తను మోచెయ్యి అందించి పైకి తీసుకొచ్చింది, ఇప్పుడు ఎవరు ఎవరిని దింపుతున్నారో తెలియలేదు, పిల్ల కర్ర తాటిస్తూ "మెట్టు, మెట్టు, ఇక్కడ మలుపు" అంటోంది, ఆవిడ ఆ మాటల మీద అడుగులు వేస్తోంది. కోపం తగ్గిందా అని అడగలేదు, పిల్ల చెప్పలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు.

గేటు బయట ఆయన స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. కవరు చేతిలో లేదు, చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నాడు, విప్పిన కవరే. ఆవిడని చూసి రెండడుగులు వేసి ఆగాడు.

"ఏమందండీ?" అంది.

"ఉందటే," అన్నాడు. "అదే... క్యాన్సరే." ఆయన నోట ఆ మాట మొదటిసారి. "ముందే దొరికింది, ఆపరేషనుకి లొంగుతుంది అంటున్నారు. శుక్రవారం రమ్మన్నారు, మాట్లాడ్డానికి."

గేటు ఇనుపకమ్మీ పట్టుకుంది. వేడిగా ఉంది, ఎండకి కాలింది, వదల్లేదు. అదే మాట అరగంట కిందట తన చేత్తో రాసింది, అప్పుడు ఒక పక్క ఉన్నదీ, ఇంకో పక్క లేనిదీ ఉన్నాయి, ఇప్పుడు ఒకటే పక్క. వీధిలో ఎవరో హారన్ కొడుతున్నారు, కొడుతూనే ఉన్నారు. చచ్చిపోతానా అన్న ప్రశ్న వచ్చింది, రావాల్సినంత గట్టిగానే వచ్చింది, దాని వెనకాల శుక్రవారం, దాని వెనకాల తెల్లదుప్పట్లు, ఇంటి ముందు చెప్పులు. ఆయన చెయ్యి భుజం మీద పడింది.

ముందు పిల్లే మాట్లాడింది, మెల్లగా. "పిన్నిగారూ, గురువారం ఇంకో పేపరుంది. పోస్టుమాస్టరుగారితో చెప్పి వేరేవాళ్ళని పంపమంటాను. మీరు దాని గురించి ఆలోచించకండి."

ఆలోచించింది. ఆ గురువారం కూడా తీసేస్తే ఈ రోజుకీ శుక్రవారానికీ మధ్య ఏమీ ఉండదు, ఇల్లూ, గోడలూ, తడుముకునే చెయ్యీ తప్ప. అంతకన్నా, ఇంకెవరో వచ్చి ఈ పిల్ల పక్కన కూర్చుని తలూపుతూ ఉంటే ఓర్చుకోలేననిపించింది, ఎందుకో అది నిజంగా ఓర్చుకోలేననిపించింది.

"వద్దమ్మా. నువ్వు ఒప్పుకుంటే నేనే వస్తాను."

పిల్ల కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మీకు ఇంకా భయంగానే ఉంటుంది కదండీ, గురువారానికి?"

"ఉంటుంది. ఇవాళకన్నా ఎక్కువే ఉంటుంది."

"మళ్ళీ రాసేస్తే?"

"రాయకూడదనే చూస్తాను. రాస్తే మాత్రం నీకు చదివి వినిపిస్తాను."

గురువారం పదినిమిషాలు ముందే రమ్మంది ఆ పిల్ల.